మా నాయనకు అందని వాసన

కోకాపేటలో మేముండే టవర్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపు పక్కన, గోడవారగా, ఎవరో దయగల మనిషి నిన్న పొద్దున పదకొండింటికి పిల్లుల కోసమని అల్యూమినియం డబ్బాలో చికెన్ బిర్యానీ పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నం రెండున్నరకు నేను ఆఫీసుకు బయలుదేరి కారు దగ్గరికి దిగేసరికి మెతుకుల మీద తెల్లటి నురగ లేచి, మసాలా నూనె మే నెల ఎండకు కరిగి డబ్బా అంచుల మీంచి కారి, ముక్కల చుట్టూ పచ్చ ఈగలు ముసిరి, పుల్లగా, కుళ్ళిన ఉల్లిగడ్డలా, చివర్లో కొంచెం తియ్యగా కూడా ఉండే ఒక కంపు ర్యాంపు మొదటి మలుపులోనే నా గొంతులోకి దిగింది. కడుపుతో ఉన్న బూడిదరంగు చారల పిల్లి ఒకటి, కాలే సిమెంటు మీద ఒక్కో పాదమూ ఎత్తెత్తి వేస్తూ వచ్చి, డబ్బా వాసన చూసి వెనక్కి వెళ్ళి, వేరే ఏమీ దొరక్క మళ్ళీ వచ్చింది. నేను చున్నీ ముక్కుకు కట్టుకుని, రెండు కాగితాల మధ్య ఆ డబ్బాను పట్టుకుని తీసుకెళ్ళి చెత్త డ్రమ్ములో పడేసి, మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆఫీసుకు వెళ్ళాక చూస్తే మా టవర్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ డబ్బా ఫోటో ఉంది, దాని కింద వరసగా ఎర్రటి గుండె బొమ్మలు ఉన్నాయి. కంపు కంటే ఆ బొమ్మలు చూసి నాకు ఎక్కువ రోత పుట్టింది.

అసహ్యపడటం నాకు చిన్నప్పుడే ఒక పనిగా అప్పజెప్పారు. ఎనిమిదేళ్ళ వయసులో, ప్రగతి నగర్‌లో మా పెరటి మెట్ల మీద కూర్చుని, పిల్లుల కోసం ఉడికించిన చేపల కుండ మీదికి వంగి, అది బాగుందో పాడయిందో చెప్పడం నా బాధ్యత. నన్ను అడిగి తెలుసుకునేది మా నాయన. ఆయనకు వాసన తెలిసేది కాదు.

మాది ప్రొద్దుటూరు. నాకు అయిదేళ్ళప్పుడు నాయన జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరి, అమ్మనూ నన్నూ తీసుకొచ్చి ప్రగతి నగర్‌లో కిరాయికి దొరికిన కింది పోర్షన్‌లో పెట్టాడు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు, అందులో బట్టలుతికే బండ, ఒక కరివేపాకు చెట్టు. గోడ అవతల ఎవరిదో తెలియని ఖాళీ ప్లాటు, అందులో కాలువ పనికని తెచ్చి ఎవరూ వాడకుండా వదిలేసిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలు, వాటికి అవతల మూత లేని మురికి కాలువ. ఎండాకాలం వస్తే ఆ గొట్టాల్లోనే మా ఆటలు. ఒకరు ఈ చివర నుంచి అరిస్తే ఆ చివర చెవి పెట్టి వినేవాళ్ళం, మోకాళ్ళు గీరుకుపోయేవి, గొట్టం లోపలి చల్లదనంలో పిల్లుల ఉచ్చ వాసన నా బట్టలకంతా పట్టేది. మధ్యాహ్నాలు కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి, కూలర్ గడ్డి వాసనలో నేల మీద బోర్లా పడుకుని చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఆవకాయ పెట్టే రోజున ఆవపిండి ఘాటుకు కళ్ళు మండేవి, ఆ రోజొక్కటే ఇంట్లో వేరే ఏ వాసనకూ చోటుండేది కాదు.

మిగతా రోజుల్లో సాయంత్రం కాగానే జీడిమెట్ల వైపు నుంచి గాలి తిరిగేది. ఒక రోజు కుళ్ళిన కోడిగుడ్డు, ఒక రోజు మాడిన వెల్లుల్లి, ఒక రోజు గోళ్ళ రంగు సీసా మూత తీసినట్టు. ఆరబెట్టిన బట్టలు ఆ వాసనతోనే ఆరేవి, డాబా మీద ఎండిన వడియాల్లో కూడా అది ఉందని అమ్మ ఒట్టు పెట్టి చెప్పేది. నాయన డ్యూటీ నుంచి వచ్చి బండ దగ్గర రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నా ఆయన చెవుల వెనక, మెడ మడతల్లో అదే వాసన మిగిలేది. నేను ఆయన పక్కన పడుకోవాలంటే ముఖం అటు తిప్పుకునేదాన్ని. ఆయనకు అది తెలియదనే నేను అనుకునేదాన్ని.

ఆయన ముక్కు పోయిందని మాకు తెలిసింది ఒక ఎలుక వల్ల. ఇనప బీరువా వెనక ఎలుక చచ్చి రెండు రోజులైంది, మూడో రోజుకు ఆ గదిలో అడుగు పెట్టలేక అమ్మా నేనూ పెరట్లోకి వచ్చి కూర్చున్నాం. నాయన వచ్చి, స్నానం చేసి, అదే గదిలో బీరువాకు ఆనుకుని కూర్చుని, పేపరు చదువుతూ గిన్నెలోని మురుకులు నములుతున్నాడు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అమ్మ గుమ్మంలో నిలబడింది.

"మీకు వాసన రాలేదా?"

"ఏం వాసన?" అని ఆయన తల ఎత్తాడు. అమ్మ ముఖం చూశాక మురుకు నమలడం ఆపేశాడు.

రెండేళ్ళ నుంచి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయిందని ఆ సాయంత్రం ఒప్పుకున్నాడు. ముక్కు డాక్టరు ఇక తిరిగి రాదన్నాడట. ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని అమ్మకూ నాకూ గట్టిగా చెప్పాడు. ఎందుకో నేను అడగలేదు. ఆ ఏడాది ఉగాదికి అమ్మ ఓళిగలు చేసి, కాచిన నెయ్యి వేసి పెడితే తిన్నాడు గానీ రెండోది అడగలేదు. ఉగాది పచ్చడి మాత్రం మూడుసార్లు పెట్టించుకున్నాడు. వేపపువ్వు చేదు, చింతపండు పులుపు, బెల్లం తీపి, ఉప్పు, కారం, వగరు, అన్నీ నాలుకకు తగిలేవే కదా. "ఇదొక్కటి నాకు పూరాగా తెలుస్తాది" అన్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్లులు మా జీవితంలోకి వచ్చింది ఆ ఎండాకాలమే. సిమెంటు గొట్టాల్లో ఒక తెల్ల మచ్చల ఆడపిల్లి ఈని మూడు పిల్లల్ని పెట్టింది. ఇంకో మూడు నాలుగు పెద్దవి అటూ ఇటూ తిరిగేవి. ఏదీ మనిషికి అందేది కాదు, దగ్గరికి వెళ్తే చెవులు వెనక్కి పెట్టి బుసకొట్టేవి. ఒక రోజు నాయన డ్యూటీ నుంచి వస్తూ, ఆ తల్లిపిల్లి కాలువ గట్టున వంగి నీళ్ళు తాగుతుంటే చూశాడు. ఆ కాలువ నీళ్ళు ఒక్కో రోజు ఒక్కో రంగులో వచ్చేవి. గులాబీ, నీలం, టీ డికాక్షన్ రంగు, వాటి మీద గట్టి నురగ. నాయన సైకిల్ కూడా స్టాండు వెయ్యకుండా గోడకు ఆనించి, లోపలికి వచ్చి, మట్టి మూకుడు తీసుకుని నీళ్ళు నింపాడు.

"ఎందుకు నాయనా?" అని అడిగాను.

"ఆ నీళ్ళు తాగితే బతకవు పాపా. అందులో ఏముంటాదో నాకు తెలుసు."

నీళ్ళతో మొదలైంది తిండి దాకా వచ్చింది. నాయనకు పిల్లుల మీద ముద్దేమీ లేదు, వాటికి పేర్లు పెట్టలేదు, పిలవనూ లేదు. కానీ ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. మొదట్లో పద్ధతి తెలియక అన్నీ తప్పులే చేశాడు. మిట్టమధ్యాహ్నం అల్యూమినియం పళ్ళెంలో పాలన్నం పెట్టాడు. పళ్ళెం కాలి అన్నం అంచులకు పెచ్చు కట్టింది, పాలు విరిగి నీళ్ళు తేలాయి, ఎర్రచీమలు తాడులా సాగాయి. తిన్న పిల్లి గొట్టాల ముందంతా పల్చగా విరేచనం చేసింది. అది నా ఆట స్థలం. ఇప్పటికీ విరిగిన పాల వాసన వస్తే నాకు ఆ గొట్టాల ముందున్న మట్టే కళ్ళ ముందుకొస్తుంది.

దారి చెప్పింది యాదమ్మ. చెరువుకు వెళ్ళే రోడ్డు పక్కన గొడుగు కింద కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసి అమ్మే మనిషి. మోచేతుల దాకా పొలుసులు, చీర కుచ్చిళ్ళకు నెత్తురు, పక్కన బకెట్లో తలలు, పేగులు, మొప్పలు, దాని మీద గొయ్‌మనే ఈగలు. ఆదివారం ఆమె ముందు నిలబడటమంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. నాయన తలకాయలు అడిగితే ఆమె కత్తిపీట మీంచి తలెత్తి చూసింది.

"ఏంది సార్, గిన్ని తలకాయలు ఏం జేస్తవు?"

పిల్లులకని నాయన చెప్పాడు. ఏ వేళకు పెడుతున్నాడో కూడా చెప్పాడు. ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తీసింది.

"పగటి పూట పెట్టకు సార్. ఎండల చేప పెడ్తే గడియల పాడైతది. తెల్లారంగ పెట్టు, నీడకు పెట్టు, తినంగనే పళ్ళెం ఎత్తు. పాలు పొయ్యకు. వాసనొచ్చిందంటే పారెయ్. పిల్లికైనా మనిషికైనా కడుపు కడుపే."

ఆ మాటలు నాయన ఇంటికొచ్చి ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆ రోజు నుంచి మా పెరట్లో ఒక క్రమం ఏర్పడింది. తలల్లోంచి పెద్ద ముళ్ళు తీసేసి, ఉప్పూ పసుపూ ఉల్లీ ఏమీ వెయ్యకుండా, నూకలతో కలిపి బండ పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద ఉడికించేవాడు. ఉప్పు, పసుపు లేకుండా ఉడికే చేప వాసన ఎలా ఉంటుందో తెలియని వాళ్ళు అదృష్టవంతులు. తడి గోనె, తుప్పు, జబ్బు మనిషి నోరు, ఈ మూడూ కలిసినట్టుండేది. మట్టి పళ్ళేలను నీళ్ళు పోసిన పెద్ద రేకు తట్టల మధ్యలో పెట్టేవాడు, చీమలు దాటలేకుండా. గోడ నీడ ఎటు పడుతుందో చూసి చోటు మార్చేవాడు. నీళ్ళ మూకుళ్ళు మూడు చోట్ల, రోజుకు మూడుసార్లు మార్చడం. ఆ మూకుళ్ళ అడుగున పట్టే పచ్చటి జిగురును కొబ్బరిపీచుతో రుద్దడం, పిల్లులు తిన్నాక పళ్ళేలు ఎత్తి కడగడం నా వంతు. గోళ్ళ సందున ఆ జిగురు ఇరుక్కుంటే అన్నం కలుపుకోబుద్ధి అయ్యేది కాదు, చెంచాతో తినేదాన్ని.

అన్నింటికంటే రోత పుట్టించే పని కుండ వాసన చూడటం. సాయంత్రం వండినదాంట్లో సగం పెట్టి, మిగతా సగం కుండలో ఉంచి, ఆ కుండను నీళ్ళు పోసిన రేకు తట్టలో నిలిపి, మర్నాడు తెల్లవారుజామున పెట్టేవాడు. ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు అమ్మ. శనివారం ఉపవాసం ఉండే ఇల్లు, దేవుడికి పెట్టే పాలు ఉండే ఫ్రిజ్. ఎండాకాలం రాత్రి గడిచిన ఆ కుండ మంచిదో కాదో నాయనకు తెలియదు. అందుకని అయిదింటికి నన్ను లేపేవాడు.

"రా పాపా, ముక్కు తీసుకొని రా."

నేను కళ్ళు నులుముకుంటూ వెళ్ళి, మూత తీస్తే, వంగి పీల్చేదాన్ని. బాగుంటే "బాగుండాది" అనాలి, లేకపోతే "పో" అనాలి. "పో" అన్న రోజు ఆయన దాన్ని తీసుకెళ్ళి గొయ్యిలో పూడ్చి, అన్నంలో కోడిగుడ్డు చిదిమి పెట్టేవాడు. నేను ఒక్క మాట అంటే ఆరడుగుల మనిషి వెనుదిరగడం నాకు లోలోపల గర్వంగా ఉండేది. కానీ ఆ వాసన ముక్కులోంచి పోయేది కాదు. పళ్ళు తోముకున్నా, పాలు తాగినా, పదింటిదాకా అంగిట్లో ఉండేది.

మే నెల రెండో వారంలో పక్క వీధి శ్రావణి పుట్టినరోజు. అమ్మ నాకు కొత్త గౌను కుట్టించింది. నేను ఒళ్ళంతా సబ్బు రుద్దుకుని, తలకు మల్లెపూలు పెట్టుకుని వెళ్ళాను. కేకు చుట్టూ నిలబడ్డప్పుడు శ్రావణి వాళ్ళ పిన్ని ముక్కు ఎగబీల్చి, "ఎవరమ్మా చేపల వాసన?" అంది. పిల్లలంతా నా వైపు చూశారు. ఆవిడ నవ్వుతూనే నా భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి జరిపి, "నువ్వు ఇక్కడ నిలబడమ్మా, గాలి వస్తుంది" అంది. కేకు ముక్క కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి నా చేతులు నేనే వాసన చూసుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయినా నా మీద నాకే రోత పుట్టింది. నాయన మీద ఇంకా ఎక్కువ పుట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఆయన పిలిచాడు. ఆరింటి డ్యూటీ, చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను వెళ్ళాను. ఆయన మూత తీశాడు. నేను గట్టిగా ఊపిరి బిగబట్టి కుండ మీదికి వంగాను. అంచుల దగ్గర సన్నటి బుడగలు కనిపించాయి. ఒకటి పగలడం కూడా చూశాను.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

ఆయన పళ్ళేల్లో పెట్టి, గోడ అవతల నీడలో ఉంచి, "అరగంటాగి ఎత్తేయ్ పాపా" అని చెప్పి సైకిల్ ఎక్కాడు. నేను వెళ్ళి పడుకున్నాను. లేచేసరికి తొమ్మిదిన్నర. నీడ ఎప్పుడో జరిగిపోయి పళ్ళేల మీద ఎండ పడుతోంది. గోడ మీంచి తొంగి చూస్తే పెద్ద పిల్లులు రెండు దూరంగా కూర్చుని ఉన్నాయి, అవి ముట్టలేదు. తల్లిపిల్లీ దాని పిల్లలూ మాత్రం ఒక పళ్ళెం సగం ఖాళీ చేశాయి. దిగి వెళ్ళి ఎత్తాలి. ఈగలు చూసి నేను దిగలేదు.

నాయన మూడింటికి వచ్చాడు. సైకిల్ దిగకముందే గోడ మీంచి చూసినట్టున్నాడు, నేరుగా ప్లాటులోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. గొట్టం మూతి దగ్గర రెండు పిల్లలు పడి ఉన్నాయి, పెదవుల చుట్టూ పసుపు నురగ ఎండిపోయి, తోకల కింద తడి, ఆ తడి మీద ఈగలు. మూడోది బతికే ఉంది, మెడ నిలవడం లేదు. తల్లి కొంచెం దూరంలో వాంతి చేసుకుంటోంది. ఏమీ పడకపోయినా పొట్ట లోపలికి లాక్కుపోతోంది. చుట్టూ ఉన్న కంపు నేను ఈ జన్మలో మర్చిపోలేను. దాని మధ్య నాయన మామూలుగా నిలబడి ఉన్నాడు.

"పొద్దున వాసన రాలేదు గదా?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

ఆయన నన్ను నమ్మాడు. పళ్ళెం తీసుకుని పెరట్లోకి వచ్చి, కుండ కూడా తీసుకుని, మెట్ల మీద కూర్చున్నాడు. కుండ అడుగున మిగిలిన ముద్ద ఎండకు ఉబ్బి, జిగటగా, అంచుల వెంట పసుపు నీరు ఊరుతూ ఉంది. ఆయన ముఖం కుండ మూతిలో పెట్టి గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. వేలితో కొంచెం తీసి ముక్కు కిందే పెట్టుకుని కళ్ళు మూసుకుని పీల్చాడు. మీసాలకు ఆ ముద్ద అంటుకుంది. గుమ్మంలోకి వచ్చిన అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వాంతి ఆపుకుంటూ నిలబడింది. ఆయన ఆపలేదు, దేనికోసమో వెతుకుతున్నట్టు పీలుస్తూనే ఉన్నాడు, భుజాలు పైకి లేచి దిగుతున్నాయి.

"నాకేం తెలీడంల్యా" అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియదు.

నేను కరివేపాకు చెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాను. అది అయ్యాక చెప్పాను. "నేను పీల్చలేదు నాయనా. ఊపిరి బిగబట్టినా. బుడగలు కూడా చూసినా."

కొడతాడనుకున్నాను. ఆయన కుండ కింద పెట్టి, చొక్కా చేత్తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత అమ్మను పిలిచాడు. మా ఇద్దరికీ కలిపి చెప్పినట్టు చెప్పాడు. ఫ్యాక్టరీలో ఆయన పని గంటకోసారి పైపులన్నీ చుట్టి వచ్చి, రిజిస్టరులో ఒక్కో గడీ నింపడం. ఒక గడిలో లీకు వాసన ఉందా లేదా అని రాయాలి. రెండేళ్ళ నుంచి ఆయన ఆ గడిలో "లేదు" అని రాసి సంతకం పెడుతున్నాడు.

"ఈపొద్దు రెండు పిల్లి పిల్లలు" అన్నాడు. "ఆడ నా కింద పన్నెండు మంది ఉండారు."

"ఉద్యోగం పోతే?" అంది అమ్మ.

ఆయన పార తీసుకుని లేచాడు. చచ్చిపోయిన పిల్లల్ని గోడ అవతల పూడ్చి వచ్చాడు. మూడో పిల్లకు దూది తడిపి నోట్లో నీళ్ళు పిండాడు. అది ఆ సాయంత్రం పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మర్నాడు వెళ్ళి చెప్పేశాడు. వాళ్ళు ఆయన్ను ఆ రోజే ప్లాంటులోంచి తీసేసి, తర్వాత వారానికి లారీలు తూచే కాటా దగ్గర వేశారు. జీతం తగ్గింది. రెండేళ్ళు సంతకం ఎలా పెట్టావని పై అధికారి పదిమందిలో అడిగాడట. నీ ముక్కు ఎలా పోయిందని మాత్రం ఎవరూ అడగలేదట. అమ్మ ఆ మాట విన్న రోజున వంటింట్లో గిన్నెలన్నీ దించి, తోమినవే మళ్ళీ తోమింది. అమ్మ నాయనతో సరిగా మాట్లాడటానికి నెల పట్టింది. ఆ నెల చివర ఒక ఆదివారం, నాయన తలకాయల సంచీతో వస్తే, ఆమె ఫ్రిజ్ అడుగు అర ఖాళీ చేసి, మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి అందులో పెట్టి, "వండింది ఇందులో పెట్టండి. పై అరలకు తగలకూడదు" అంది. పాలు అప్పటి నుంచి పై అరలో ఉండేవి.

ఆ ఆదివారం తర్వాత తొమ్మిది రోజులకు, అన్నాళ్ళూ కనబడకుండా పోయిన తల్లిపిల్లి తిరిగొచ్చింది, పక్కటెముకలు లెక్కపెట్టేలా. పళ్ళెం దగ్గరికి వచ్చి మా కంటే ముందు అదే వాసన చూసి, దూరంగా వెళ్ళి కూర్చుంది. నాలుగు రోజుల దాకా ముట్టలేదు. నేను రోజూ ఆ డబ్బా మూత తీసి, ఊపిరితిత్తుల నిండా పీల్చి చెప్పేదాన్ని. రోత తగ్గలేదు. తగ్గకూడదని నాకు అప్పుడే అర్థమైంది. అలవాటు పడితే నేను పనికిరాను. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ ప్లాటులో జేసీబీ దిగేదాకా, చెప్పుకోదగ్గ నాగా లేకుండా ఆ పని చేశాను.

ఇప్పుడు అక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. కాలువ మీద సిమెంటు పలకలు పరిచి పైన టిఫిన్ బండ్లు పెట్టుకున్నారు, కింద ఏ రంగు నీళ్ళు పోతున్నాయో చూసే వీలు లేదు. మట్టి పెరళ్ళు లేవు, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకునే చోటు లేదు. యాదమ్మ గొడుగు ఉన్న చోట అద్దాల కొట్టు, అందులో చేపలు ప్లాస్టిక్ కింద మెరుస్తుంటాయి, మొప్ప ఎత్తి చూడనివ్వరు. నాయన పోయి ఆరేళ్ళయింది. కిందటి నెల ఒక పని మీద జీడిమెట్ల మీదుగా వెళ్తూ సాయంత్రం పూట కారు అద్దం దించి కాసేపు ఆగాను. డీజిల్ పొగ తప్ప ఏమీ రాలేదు. ఫ్యాక్టరీలు చాలావరకు రింగు రోడ్డు అవతలికి వెళ్ళిపోయాయని ఎవరో చెప్పారు.

బిర్యానీ డబ్బా సంగతి అయ్యాక, ఈ ఉదయం నేను ఆరు కాకుండానే సెల్లార్‌లోకి దిగి, జనరేటర్ గది వెనక నీడలో రెండు నీళ్ళ మూకుళ్ళు పెట్టి, ఉడికించిన కోడిమాంసం కొంచెం పళ్ళెంలో పెట్టి, దూరంగా నిలబడ్డాను. చారల పిల్లి వచ్చి తింది. పళ్ళెం ఎత్తుతుంటే, సెల్లార్ కడిగే మంగమ్మ బకెట్ తీసుకుని వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, కిందటేడు పనిలో చేరింది. వారమంతా ఇక్కడే ఉండి ఆదివారం ఊరికి పోతుంది. నిన్న ఇక్కడ ఎంత కంపు కొట్టిందో, నువ్వు ఎలా భరించావో అని నేనన్నాను.

"గీ కంపు ఏం లెక్క మేడమ్" అంది మంగమ్మ. "మా ఊరి పక్కన కంపెనీలు వడ్డయి. పొద్దుగూకితే గాలి మా దిక్కే మర్లుతది. మొదట్ల అన్నం తినబుద్ధి కాకపోతుండె. ఇప్పుడు నాకైతే ఏం తెలుస్తలేదు."

"ఎప్పటి నుంచి?"

"ఏమో. యాడాదైతుండొచ్చు."

ఆమె బకెట్లో అప్పుడే పోసిన ఫినాయిల్ తెల్లగా తేలుతోంది. నాకు కళ్ళు మండుతున్నాయి. ఆ వాసన వస్తోందా అని అడిగాను. ఆమె నవ్వుతూ వంగి, బకెట్ మీద ముఖం పెట్టి పీల్చింది. మళ్ళీ పీల్చింది. నవ్వు కొంచెం తగ్గింది.

"వస్తలేదు" అంది. "గట్ల చూస్తున్నవేంది మేడమ్?"

నేను పళ్ళెం కింద పెట్టి, ర్యాంపు గట్టు మీద ఆమెకు చోటు చూపించి, పక్కన కూర్చుని, మా నాయన గురించి చెప్పడం మొదలుపెట్టాను.